మొప్పమూత అంచున నాలుగు మిల్లీమీటర్లు

చేపల శాఖలో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ఒక కథ చెప్పేవాడిని. మీలో చాలామంది విన్నారు. ఒకే కొర్రమీనును ఇద్దరు మనుషులు కొలిస్తే తల పొడవులో నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చిన కథ. "కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఇద్దరూ కూర్చుని పది చేపలు కలిసి కొలవండి, చేతులు కుదిరాకే ఎవరి చెరువుకు వాళ్ళు పోండి" అని ముగించేవాడిని. మీరు బుద్ధిగా నోట్సు రాసుకునేవాళ్ళు.

నేను రిటైరై నాలుగేళ్ళు దాటింది. మొన్న మీలో ఒకాయన ఫోన్ చేశాడు. ఇప్పుడు చేపను ఫోటో తీస్తే కంప్యూటరే కొలిచేస్తోందట. అయినా మీ కథ మాత్రం ఇంకా చెప్పుకుంటున్నాం సార్ అన్నాడు. సంతోషపడాల్సిన మాటే. నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఆ కథలో ఒక అబద్ధం ఉంది. చిన్నదే. దాన్ని దిద్దాలంటే ముందు నా కడుపుమంట సంగతి చెప్పాలి, అది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రెండు చెరువుల్లో ఒకే రకం చేప ఉంటుంది, చూడ్డానికి తేడా కనపడదు. కానీ తరాల తరబడి ఒకదాని ముఖం ఒకటి చూడకుండా పెరిగితే ఒంటి తీరు కొంచెం కొంచెంగా మారుతుంది. ఒకచోట తల పొడుగవుతుంది, ఇంకోచోట కన్ను పెద్దదవుతుంది. ఒక్క చేపను పట్టుకుని చూస్తే ఇదేమీ తెలియదు. ఆ చెరువులో వంద, ఈ చెరువులో వంద పట్టి, ఒక్కొక్కదాని తల, కన్ను, వీపు ఎత్తు, రెక్కల మధ్య దూరం అన్నీ కొలిచి కంప్యూటర్లో వేస్తే, ఇవి ఒకే మందా, వేర్వేరు మందలా అన్నది చుక్కల్లో తేలుతుంది. మంద అన్నది మా ఇంటి మాట. నేను చేపలకు కూడా వాడాను, ఆఫీసులో అదే నిలిచిపోయింది.

రామసముద్రం దగ్గర పల్లె మాది. పుంగనూరు పొట్టి ఆవులు పెంచిన ఇల్లు. ఆ ఆవు ఎంత పొట్టిగా ఉంటే అంత అసలైన జాతి కింద లెక్క. కొనడానికి వచ్చినాయన కర్ర నేలకు ఆనించి మూపురం దాకా కొలుచుకునేవాడు. మా నాయన కొట్టంలో ఒకచోట నేల కాస్త పల్లం చేసి పెట్టుకున్నాడు. బేరం ఉన్న పొద్దు ఆవు ముందుకాళ్ళు ఆ పల్లంలో ఉండేలా కట్టేవాడు. రెండు వేళ్ళ ఎత్తు తగ్గేది. అది అబద్ధం కదా నాయనా అని ఒకసారి అడిగితే, "నేనేమన్నా నోరు తెరిసినానా? ఆడ కట్టేసినానంతే" అన్నాడు. కొలత అనేది ఎట్లా నడుస్తుందో నాకు అప్పుడే తెలిసుండాల్సింది. తెలియలేదు.

ఇది జిల్లాలు విడిపోకముందు మాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఒకే జిల్లాలో ఉండేవి. మావి వానొస్తే నిండి, ఎండాకాలం నెర్రెలు బారే చెరువులు. వాటిలో కొర్రమీను ఒక్కటే బురదలో దాక్కునైనా బతుకుతుంది. దాని పిల్లల్ని పెంచి అన్ని చెరువుల్లో వదలాలని పథకం వచ్చింది. మరి తల్లి చేపల్ని ఎక్కడనుంచి తేవాలి? పుంగనూరు చేప, కుప్పం చేప ఒకటే మంద అయితే ఎక్కడ పట్టినా ఫరవాలేదు. వేరైతే కలపకూడదు. ఆ సంగతి తేల్చే పని మా ఆఫీసుకు వచ్చింది. దీనికి పెద్దగా ఒక సారును పంపారు. కోస్తా మనిషి, మంచివాడు, కంప్యూటర్లో దిట్ట. చేపను చేత్తో పట్టుకున్నది మాత్రం పళ్ళెంలోనే.

కొలిచేవాడిని నేను. ఇరవై ఏళ్ళుగా నేనే. నాకు పని నేర్పిన పాతకాలపు ఫీల్డుమ్యాన్ ఒకాయన, "ఎముక తగిలేదాకా పో, ఆడ ఆగు" అని చెప్పి నా బొటనవేలిని చేప తలమీద పెట్టి నొక్కి మరీ చూపించాడు. ఆ వేలితోనే అన్నేళ్ళు లాక్కొచ్చాను. ఈ పని అయ్యాక ఒకరిని సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద సంస్థకు పంపిస్తామని, తిరిగొచ్చాక జిల్లా అంతటికీ కొలత నేర్పే శిక్షకుడిగా పెడతామని సారు చెప్పాడు. ఆ కుర్చీ నాదే అనుకున్నాను. పోటీకి ఇంకొకరు ఉంటే కదా.

అప్పుడు ఆమె వచ్చింది.

కాంట్రాక్టు మీద తీసుకున్నారు. కుప్పం అవతల పల్లె, రాగి, మల్బరీ పండించే ఇల్లు. పాతికేళ్ళు కూడా లేవు. వచ్చిన మూడో రోజే కొలిచే విధానం రాసిన జిరాక్సు కాగితం ఒకటి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ కాగితం సముద్రం ఒడ్డు సంస్థవాళ్ళు పంపింది, నాకూ ఒక కాపీ ఇచ్చారు. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు.

"సార్, మొదలుపెట్టే ముందు ఇద్దరమూ పది చేపలు కలిసి కొలవాలని ఇందులో రాసుండాది. రేపు కొలుద్దామా సార్?"

"నువ్వు పుట్టినప్పట్నుంచి కొలుస్తాండానమ్మా. నా కొలతకు నీ సాక్ష్యమా?"

ఆమె నవ్వింది. నేను తమాషాకు అన్నాననుకుంది. నేను తమాషాకు అనలేదు. ఆ పది చేపలూ కలిసి కొలిచినట్టు రిజిస్టర్లో నేనే రాసి, ఆమెకు పంపించాను. ఆమె సంతకం పెట్టింది. కొత్త ఉద్యోగి, పెట్టక ఏం చేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. ఆ జిరాక్సు నేను చదవలేదు. చదవలేకపోయాను. నలభై ఎనిమిది దాటాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. అద్దాలు పెట్టుకుంటే కొలిచేవాడికి కళ్ళు పోయాయంటారని పెట్టుకోలేదు. కాలిపర్‌ను చెయ్యి బారుగా చాపి, ఎండకు పట్టి, దాని మీది మిల్లీమీటర్ల గీతలు తల వెనక్కి వంచి చదివేవాడిని. అది నా దర్జా అనుకునేవాళ్ళు జనం. నేను కూడా కాదనలేదు.

పుంగనూరు చెరువు నాకు, కుప్పం పక్క చెరువు ఆమెకు అని సారు పంచాడు. మొదట రెండు రోజులు ఆమె నాతో పుంగనూరు వచ్చింది, చేపను పట్టుకోవడం చూడటానికి. కొర్రమీను జారుడు మనిషికి చుక్కలు చూపిస్తుంది. చేతికి బూడిద పూసుకుని పట్టాలి, తడి గోనె మీద పడుకోబెట్టాలి, మళ్ళీ నీళ్ళలో వేయాలి. అమ్ముకునే ఆడవాళ్ళు పక్కనే గంపలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, కొలవడం అయితే సంతకు పట్టుకుపోదామని. మొదటి రోజు నేను ఇరవై కొలిచాను, ఆమె చూసింది. రెండో రోజు చెయ్యి తిరగడానికని ఆమె కొలిచింది, ఆ అంకెలు లెక్కలో వేయలేదు. మధ్యాహ్నానికి నలభై అయ్యాయి. నేను గట్టు మీద నీడ చూసుకుని కూర్చున్నాను, ఆమె వేళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూడనేలేదు. ఆమె ఎంత వేగంగా పోతోందో అదే చూశాను.

చేపలమ్మే ముసలామె ఒకతె, ఇరవై ఏళ్ళుగా నన్ను ఎరిగిన మనిషి, గంప ఎత్తుకుంటూ అంది. "ఈ పాప కొలిస్తే నా సేపలు పానంతో సంతకి పోతాండాయప్పా. నువ్వు కొలిస్తే ఎండుసేపలై పోతాయి."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు మదనపల్లె బస్సెక్కేదాకా ముఖం మీద అట్లే పెట్టుకున్నాను, దవడలు నొప్పెట్టాయి.

తర్వాత నాలుగు నెలలు నాకు ఆఫీసు అంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది. ఆమె కుప్పం నుంచి వారానికోసారి కాగితాలు తెచ్చేది. అంకెలన్నీ అచ్చు వేసినట్టుండేవి, కొట్టివేత ఒక్కటి లేదు. సారు వాటిని నాకు చూపించి, "చూశారా, ఎంత నీటుగా ఉందో" అనేవాడు. నా కాగితాల మీద చేప జిగురు, బూడిద, టీ మరక. టీ తాగేటప్పుడు నన్ను పిలవడం మానేశాడని ఒక రోజు, పిలిచి కుప్పం సంగతులే మాట్లాడాడని ఇంకో రోజు ఏడ్చేవాడిని. ఆమె తప్పు ఒక్కటి కూడా లేదు. ఎదురుపడితే లేచి నిలబడేది. అది కూడా నాకు కంటగింపే. కాలిపర్‌ను కంటికి జానెడు దూరంలో పెట్టుకుని టక్కున అంకె చెప్పేది చూడండి, అక్కడ నాకు నిజంగా ఒళ్ళు మండేది. ఆ కళ్ళు నావి కావాల్సింది అనిపించేది.

ఒక పొద్దు సారు కంప్యూటర్ ముందు నుంచి లేచి, మమ్మల్ని ఇద్దరినీ పిలిచాడు. తెర మీద నీలం చుక్కలు ఒక పక్క, ఎర్ర చుక్కలు ఒక పక్క. మధ్యలో ఖాళీ. నీలం పుంగనూరు, ఎరుపు కుప్పం. "రెండూ వేర్వేరు మందలే" అన్నాడు, నా మాటే వాడి. "కుప్పం చేపకు తల పొడుగు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి."

ఒకరోజు జిల్లా పేపర్లో వచ్చింది, పెద్దతల కొర్రమీను అని. కుప్పం గట్టు మీద చేపను పట్టుకుని ఆమె ఫోటో. నా పుంగనూరు చేప సంగతి చివర్లో ఒక వాక్యం. కుప్పం చేపలోళ్ళు ఆ పేపరు ముక్కను సంఘం గదిలో గోడకు అంటించుకున్నారని విన్నాను. ఆ వారమే సారు అన్నాడు, సముద్రం ఒడ్డుకు ఆ అమ్మాయిని పంపుదామనుకుంటున్నాను, మీరేమంటారు అని. నేను ఏమంటాను. మంచిదే సార్ అన్నాను. ఇంటికి పోయి, నా భార్య ఏమైంది అని అడిగితే, కూరలో ఉప్పెక్కువైందని అరిచాను. ఇంకా వడ్డించనే లేదంది.

ఆ తర్వాత పది రోజులకు ఏదో పని కల్పించుకుని కుప్పం పోయాను. ఆమె పనిని దగ్గరనుంచి చూడాలని. ఈసారి వేగం చూడలేదు, వేళ్ళు చూశాను. కొర్రమీను మొప్పమూతకు ఎముక ఎక్కడ అయిపోతుందో, అక్కడినుంచి సన్నటి చర్మపు పొర ఒకటి ఉంటుంది. తడిలో అతుక్కుపోయి కనపడీ కనపడనట్టుంటుంది. ముక్కు కొస నుంచి తల పొడవు కొలిచేటప్పుడు నేను ఆ ఎముక దగ్గర ఆగేవాడిని. ఆమె పొర చివరిదాకా పోతోంది. ప్రతి చేపకూ అంతే. కుప్పం చేప తల ఎందుకు పెద్దదైందో నాకు అక్కడ అర్థమైంది. తేడా చెరువుల్లో లేదు, మా చేతుల్లో ఉంది.

ఆ క్షణం నాకు కలిగిన సంతోషం చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆమెతో ఒక్క ముక్క అనలేదు. పొంగిపోతూ మదనపల్లె వచ్చి సారుతో చెప్పాను, ఒకే చేపను ఇద్దరం కలిసి కొలవాలి, మీ ముందే కొలవాలి అని. మొదట్లో ఆమె అడిగితే కాదన్నది ఇదే. ఇప్పుడు నేనే పట్టుబట్టాను.

వారం తిరక్కుండా అందరం కుప్పం చెరువు గట్టు మీద ఉన్నాం. పొద్దున పూట. సారు, నేను, ఆమె, చేపల సంఘం పెద్దాయన, గంపలతో ఆడవాళ్ళు. ఐదు చేపలు తీశారు. నేను కొలిచి అంకె చెప్తే సారు రాసుకున్నాడు. తర్వాత ఆమె. ఐదుకు ఐదు, నాకంటే ఆమెది మూడో నాలుగో మిల్లీమీటర్లు ఎక్కువ. సారు ముఖం పాలిపోయింది. పేపర్లో వేయించుకున్నాడు కదా.

"ఎవరిది కరెక్టు?" అన్నాడు. అడిగింది ఇద్దరినీ. చూసింది నన్ను.

"ఎముక దగ్గర ఆగాల సార్" అన్నాను. చేపను ఎత్తి పొరను వేలితో కదిలించి చూపించాను. "ఇది సూడండి, సేప నోరు తెరిస్తే కదులుతాది, మూస్తే కదులుతాది. కదిలేదాన్ని పట్టుకుని ఎవరన్నా కొలుస్తారా?"

వినడానికి బలే ఉంది మాట. సంఘం పెద్దాయన కూడా తల ఊపాడు. ఆమె, "సార్, ఒక్క నిమిషం" అని సంచిలోంచి ఆ జిరాక్సు కాగితం తీసి, మడత విప్పి నాకు అందించింది. సారుకు కాదు, నాకు. పెద్దవాడిని కదా, నా చేతుల మీదుగా పోవాలనుకుంది. సరిగ్గా అప్పుడే సారుకు ఫోన్ వచ్చి పక్కకు తిరిగాడు. నా చేతులకు చేప జిగురు. నేను ఆ కాగితంతో వేళ్ళు తుడుచుకుని, ఉండచుట్టి, గంపల పక్కన పారేశాను.

"సార్, అందులో..." అంది.

"ఇరవై ఏళ్ళ సెయ్యమ్మా ఇది. కాగితం సూసి కొలిచే సెయ్యి కాదు" అన్నాను, అందరికీ వినపడేలా. గంపల ఆడవాళ్ళు నవ్వారు. ఆమె ఆ ఉండ వైపు ఒకసారి చూసి, వంగి తీయబోయి, మానుకుంది.

సారు ఫోన్ పెట్టేసి తీర్పు చెప్పాడు. ఇకనుంచి అందరూ నేను కొలిచినట్టే కొలవాలి. ఆమె కొలతలన్నీ పక్కన పెట్టాలి. కొలిచిన చేపలు ఎప్పుడో కూరలై పోయాయి కాబట్టి, కుప్పం చెరువులో మళ్ళీ వంద చేపలు పట్టాలి, నేను పక్కన నిలబడి చూస్తుండగా ఆమె కొలవాలి. సంఘం పెద్దాయన గడ్డం గోక్కుని అడిగాడు. "అయితే మా సేప తల మళ్ళా సిన్నదై పోయినట్టేనా సార్?"

సారు కాగితాలు మడుచుకున్నాడు.

మళ్ళీ కొలిచాం. నేను వెనక నిలబడి, ఆమె వేలు కొంచెం ముందుకు పోతే "ఎముక, ఎముక" అనేవాడిని. ఆమె వెంటనే వేలు వెనక్కి జరిపేది. ఈసారి తెర మీద ఎర్ర చుక్కలు పోయి నీలం చుక్కల్లో కలిసిపోయాయి. రెండు చెరువులదీ ఒకటే మంద. గోడ మీద పేపరు ముక్కను సంఘంవాళ్ళు పీకేశారట. రిపోర్టులో మొదటి తేడాకు కారణం కొలిచినవారి పొరపాటు అని రాశారు. ఎవరు కొలిచారో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమె కాంట్రాక్టు గడువు అయ్యాక దాన్ని పొడిగించలేదు. ఆమె చివరి రోజు నేను రామసముద్రంలో పని ఉందని సెలవు పెట్టాను. పనేమీ లేదు.

సముద్రం ఒడ్డు సంస్థకు నేనే పోయాను.

మొదటి రోజు. ముప్పై మందిమి వరసగా బల్లల ముందు నిలబడ్డాం. నేర్పే మేడమ్ ఒక్కొక్కరి చెయ్యి చూస్తూ వస్తోంది. నా దగ్గర ఆగి, తన పెన్నుతో నా కాలిపర్ ములుకును పొర చివరికి జరిపింది. "పొరతో కలిపి కొలవాలండీ. మీకు పంపిన షీట్లో ఉంది కదా, చదవలేదా?"

"అద్దాలు మర్చిపోయి వచ్చాను మేడమ్" అన్నాను. ఆ సాయంత్రం బజారుకు పోయి అద్దాలు కొనుక్కున్నాను. గదికి వచ్చి, అక్కడ ఇచ్చిన షీటు చదివాను. మూడో వాక్యం. చర్మపు పొర అంచు వరకు అని స్పష్టంగా ఉంది. ఇరవై ఏళ్ళు తప్పు కొలిచింది నేను. నాకు నేర్పినాయన తప్పు నేర్పాడు, నేను దాన్ని అపురూపంగా దాచుకున్నాను.

తిరిగొచ్చి సారుకు చెప్పాను. చెప్పాననే చెప్పుకోవాలి. ఆయన "రెండుచోట్లా ఒకేలా కొలిచారు కదా, ఒకటే మంద అన్న ఫలితం మారదు. ఇప్పుడు ఎందుకు కదిలించడం" అన్నాడు. నిజమే. ఫలితం మారదు. తప్పుగా కొలిచినా ఇద్దరూ ఒకే తప్పు చేస్తే మందలు వేరుపడవు. కాబట్టి రిపోర్టులో తప్పేమీ లేదు, ఆ ఒక్క వాక్యం తప్ప. ఆ వాక్యం ఎవరికీ అడ్డం రాలేదు, ఆమెకు తప్ప. నాకు ఎంత హాయి అనిపించిందంటే, సారుకు రెండోసారి చెప్పలేదు.

ఆమె దగ్గరికి పోవడానికి ఏడాదిన్నర పట్టింది. కుప్పం అవతల వాళ్ళ ఊళ్ళోనే పాల కేంద్రంలో చేస్తోందని తెలిసింది. పొద్దున ఏడు గంటలకు పోయాను. క్యాన్లు పట్టుకుని జనం వరసలో ఉన్నారు. ఆమె ఒక్కొక్కరి పాలు కొలిచి, వెన్న శాతం చూసి, అంకె చెప్తోంది. ఎవరూ మళ్ళీ చూడమని అడగడం లేదు. విని పోతున్నారు. ఆ వరస చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి నా చేతిలో క్యాను లేదు.

"రండి సార్" అంది, ఆశ్చర్యపోకుండా. బెంచీ చూపించి, పాలు కాచి గ్లాసులో పోసి ఇచ్చింది.

"నాది తప్పమ్మా. పొరతో కలిపి కొలవాల. నువ్వే కరెక్టు."

"తెలుసు సార్."

"ఆ పొద్దే గట్టిగా చెప్పుంటే బాగుండు గదా."

"చెప్పినాను గదా సార్. కాగితం మీ సేతికే ఇచ్చినాను."

"అద్దాలు లేవమ్మా అప్పుడు. సన్న అక్షరాలు నాకు కనపడవు."

"అది నాకు తెలుసు సార్. పుంగనూరులో కాలిపర్‌ను మీరు ఎండకు పట్టినప్పుడే తెలుసు. అందుకే రాత్రి కూర్చుని వెనకపక్క బొమ్మ పెద్దగా గీసి తెచ్చినాను. అందరి ముందరా మీకు చదివి చెప్పాలంటే బాగుండదు గదా. అందుకే మీ సేతికిచ్చినాను."

నేను గ్లాసులోకి చూశాను. పాల మీద మీగడ కట్టింది.

"వెనకపక్క సూడలేదమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "అవునా సార్" అంది. బయట ఎవరో క్యాను పెట్టిన చప్పుడైతే లేచి పోయింది.

ఆ తర్వాత శిక్షకుడి కుర్చీలో పదేళ్ళు కూర్చున్నాను. కథ మీకు చెప్పాను. అందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరు కొలిచారు, ఒకరికి ఒక పద్ధతి, ఇంకొకరికి ఒక పద్ధతి, మాట్లాడుకోక తేడా వచ్చింది. చివర్లో ఒక వాక్యం కలిపేవాడిని, నా దగ్గర అద్దాలు లేక షీటు చదవలేకపోయాను, మీరైనా కళ్ళద్దాలకు సిగ్గుపడకండి అని. మీరు నవ్వేవాళ్ళు. నాకు మంచి పేరు తెచ్చిన వాక్యం అది.

ఇప్పుడు దిద్దుకుంటాను. ముందుపక్క నేను చదవలేదు, అది నిజం. చదవలేకపోయాను. ఆమె అందించినప్పుడు కాగితం వెనకపక్క పైకి ఉంది. కాగితం నిండా ఒక కొర్రమీను తల. పెన్సిల్‌తో గీసి, కన్ను, నోరు, మొప్పమూత అన్నీ పెద్దగా, అద్దాలు అక్కర్లేనంత పెద్దగా వేసింది. ముక్కు కొస దగ్గర మొదలైన ఎర్ర సిరా గీత ఎముక దగ్గర ఆగలేదు. దాన్ని దాటి, పొర చివర బాణం గుర్తుతో ఆగింది. నా జన్మలో అంత చక్కగా ఒక చేప తల గీయలేను. అది కూడా అనుకున్నాను, ఆ క్షణంలో. అనుకోవడానికి కూడా తీరిక దొరికింది.

గట్టు మీద నేను అబద్ధమేమీ ఆడలేదు. మా నాయనలాగే, నోరు తెరిచి ఏ అబద్ధమూ చెప్పలేదు. ఆ ఎర్ర గీతను మొదట్నుంచి చివరిదాకా చూశాను. చూశాకే చేతులు తుడుచుకున్నాను.